అతిసారం అని రాసుకున్న కేసు

అది 1968. పొందూరుకి అయిదారు మైళ్ళ దూరంలో ఉన్న ఒక ఊళ్ళో ప్రభుత్వ ఆయుర్వేద డిస్పెన్సరీలో వైద్యుడిగా నాకది మూడో ఏడు. డిస్పెన్సరీ అంటే మరీ గొప్పగా ఊహించుకోకండి. ఒక పెంకుటిల్లు, ముందు వరండా, లోపల మూడు చెక్క బీరువాలు, చూర్ణాల డబ్బాలు, అరిష్టాల జాడీలు, ఒక తక్కెడ, మందులు నూరుకునే రాతి కల్వం. అంతే. ఏడాదికోసారి సర్కారు మందుల పెట్టె వచ్చేది, ఆరు నెలలకి ఖాళీ అయ్యేది. మిగతా ఆరు నెలలూ పొలాల గట్ల మీదా గెడ్డలనే చిన్న వాగుల ఒడ్డునా దొరికిన ఆకూ చెక్కా తెచ్చుకుని నెట్టుకొచ్చేవాణ్ణి.

నాకప్పుడు ఇరవై తొమ్మిదేళ్ళు. మాది విజయనగరం. నాన్నది పచారీ కొట్టు. కరక్కాయలు, పిప్పళ్ళు, సునాముఖి బస్తాల మధ్య పాకి నడక నేర్చినవాణ్ణి. ఆపైన వైద్య కళాశాలలో చదివి పట్టా తెచ్చుకున్నాను. ఇక మందుల సంగతి నాకు ఒకరు చెప్పేదేమిటన్న పొగరు దండిగా ఉండేది. మణికట్టు మీద మూడు వేళ్ళు పెడితే చాలు, రోగం తనంతట తానే వచ్చి పేరు చెప్పుకుంటుందనుకునేవాణ్ణి. ఆ పొగరు దిగిన కథ ఇది.

భాద్రపదంలో ముసురు పట్టి వారమైంది. ఆ పొద్దున సింహాచలం అనే రైతు తాటాకు గిడుగు నెత్తిన పెట్టుకుని తడుస్తూ వచ్చాడు. నలభై ఏళ్ళ మనిషి. వరండా మెట్టు దగ్గరే నిలబడిపోయాడు.

"డాక్టరు బాబూ, మాయమ్మకి ఇరేసనాలు అవుతన్నాయి. నాలుగు రోజులై ఆగడం నేదు. ఓపాలి వచ్చి సూడండి."

"బండి కట్టి ఇక్కడికి తీసుకురాకూడదూ?"

"తేలేం బాబూ. మంచం మీంచి నెగనేదు. అడ్డపొగ రోగం."

అడ్డపొగ అంటే మా ప్రాంతం వాళ్ళకి చెప్పక్కర్లేదు. తెలియని వాళ్ళ కోసం చెబుతాను. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోటి లోపలికి పెట్టుకుని పీల్చడం. మా వైపు ఆడవాళ్ళలో ఈ అలవాటు ఎక్కువ. ఊడ్పుల్లో వంగి నాట్లు వేస్తున్నా, గాలి కొట్టినా వాన పడినా నిప్పు ఆరదని చెబుతారు. ఆ నిప్పు ఏళ్ళ తరబడి అంగిలిని కాలుస్తుంది. ముందు తెల్లగా పాలిపోతుంది, తర్వాత పుండు, చివరికి కేన్సర్. సింహాచలం తల్లి తవిటమ్మ పదిహేనో ఏట మొదలెట్టిందట. ఇప్పుడు అరవై. విశాఖపట్నం పెద్దాసుపత్రిలో చాలా రోజులు ఉంచి 'కరెంటు' పెట్టారట. రేడియం వైద్యాన్ని జనం అలాగే అనేవారు. ఆఖరికి "ఇంటికి తీసుకుపోండి, అడిగింది పెట్టండి" అన్నారట. ఆ మాటకి అర్థం చదువురాని వాళ్ళకి కూడా తెలుసు.

నేను సైకిలు మీద, అతను పక్కన నడుస్తూ బయల్దేరాం. వాళ్ళ ఊరు రెండు మైళ్ళు. దారిలో అతను ఒక మాట అన్నాడు.

"మాయమ్మకి సావంటే బయం నేదు బాబూ. గుడ్డల్లో పోతానేమోనని బయం. నా పెంట కోడలి సేత ఎత్తించి పోతానా అని ఏడుస్తాది. తిండి మానేసినాది. తింటే మల్లీ అవుతాదని."

నేను "ఆగిపోతాయిలే" అన్నాను. అంత తేలిగ్గా అనేశాను.

వెనక గదిలో నులక మంచం. దాని మీద పొందూరు నేత పాత పంచెలు మడతలు వేసి పరిచారు. ఒంటికి ఒత్తుకోకుండా ఉంటాయని. తవిటమ్మ పొడుగాటి మనిషి, ఎముకలూ చర్మమూ మిగిలింది. బుగ్గ ఒక పక్క వాచి ఉంది. అంగిలికి చిల్లు పడడంతో మాట ముక్కులోంచి వచ్చేది, కొత్తవాళ్ళకి అర్థమయ్యేది కాదు. కోడలు గౌరమ్మ తలుపు చాటున నిలబడింది. ఆ ఇళ్ళల్లో మగ వైద్యుడు వస్తే పద్ధతి అది. నాడి చూడొచ్చు, నాలుక చూడొచ్చు. దొడ్డికి సంబంధించిన మాటలు మాత్రం రోగి నోటితో చెప్పకూడదు. తలుపు చాటునుంచి కోడలో కూతురో చెబుతారు, వైద్యుడు గుమ్మం కేసి చూస్తూ వింటాడు.

"ఎన్నిసార్లు అవుతోందమ్మా?" అన్నాను గుమ్మం కేసి.

"పదో పన్నెండో బాబూ. నీల్లలాగ. కంపు గొడతన్నాది. గుడ్డ మార్సినంతసేపు పట్టదు, మల్లీ అవుతాది."

"నొప్పికి ఏమిస్తున్నారు?"

దానికి సింహాచలం జవాబిచ్చాడు. "పట్నం ఆస్పత్రి మాత్రలు అయిపోనాయి. మా మావకి ఆబ్కారీ కార్డు మీద నల్లమందు వస్తాది. ఆడిస్తన్నాడు. పొద్దుట మిరియం గింజంత, సాయంత్రం మిరియం గింజంత. అదేస్తే గాని మూలుగు ఆగదు."

ఇక్కడే నా తెలివి అడ్డం తిరిగింది. నల్లమందు పేగుల్ని బిగదీస్తుంది. ఇది మా నాన్న కొట్లో తక్కెడ పట్టుకునే రోజుల్లోనే నాకు తెలుసు. పుస్తకంలోనూ చదివాను. అది తెలిసిన బుర్ర ఏమనుకోవాలి? ఇన్నాళ్ళుగా నల్లమందు పడుతున్న మనిషికి ముందు మలబద్ధం వచ్చి ఉంటుందేమోనని అనుమానించాలి. నేను అలా అనుకోలేదు. నల్లమందు వేసుకుంటున్నా ఆగని అతిసారం అంటే ఎంత ఉధృతంగా ఉందో అనుకున్నాను. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు మరి.

పొట్ట మీద చెయ్యి పెడదామని చెయ్యి చాపాను. తవిటమ్మ చీర కొంగు గట్టిగా లాక్కుంది. నేను పట్టుబట్టలేదు. నాడి పట్టుకున్నాను. అప్పుడామె రెండో చెయ్యి ఎత్తి పొత్తికడుపు కింద రాస్తూ ముక్కుతో ఏదో అంది. నాలుగైదు మాటలు. నేను తల తిప్పి గౌరమ్మ కేసి చూశాను. గౌరమ్మ మొహం దించుకుని "ఏటీ నేదు బాబూ" అంది. ఏమీ లేదంటే ఏమీ లేదనే తీసుకున్నాను.

మారేడు పిందెల చూర్ణం, కొడిసెపాల చెక్క అరిష్టం ఇచ్చాను. రెండూ విరేచనాలు కట్టే మందులే. చాలనట్టు మధ్యాహ్నం ఇంకో మిరియం గింజంత నల్లమందు వెయ్యమన్నాను. డిస్పెన్సరీకి వచ్చి రిజిస్టరు తీసి, పేరు తవిటమ్మ, వయసు అరవై, వ్యాధి అతిసారం అని గుండ్రటి అక్షరాలతో రాసుకున్నాను. నా దస్తూరీ బాగుంటుందని కాలేజీలో పేరు.

రెండో రోజుకల్లా సింహాచలం ఆనపకాయ పట్టుకుని వచ్చాడు. మొహం విప్పారి ఉంది.

"మీ సెయ్యి మంచిది బాబూ. కట్టేసినట్టు ఆగిపోనాది. నిన్నట్నించీ గుడ్డ మార్సనేదు."

ఆ ఆనపకాయ పులుసు నేను కమ్మగా తిన్నాను. అది కూడా చెప్పాలి.

నాలుగో రోజు పొద్దున మళ్ళీ వచ్చాడు. ఈసారి ఉత్త చేతులు. "మాయమ్మ వాంతులు సేసుకుంటన్నాది బాబూ. కడుపు కుండలాగ అయిపోనాది. ఎక్కిల్లు ఆగడం నేదు" అన్నాడు. వెంటనే సైకిలు తీశాను. దారిలో వాన తగ్గింది.

తవిటమ్మ పొట్ట ఉబ్బి, కొంగు కింద గుండ్రంగా కనిపిస్తోంది. కళ్ళు లోతుకి పోయాయి. ఎక్కిలి వచ్చినప్పుడల్లా మొహం నొప్పితో వంకర పోతోంది. నల్లమందు నోట్లో పెడితే ఉమ్మేస్తోందట. నొప్పి ఒక పక్క, పొట్ట ఒక పక్క. పంటి బిగువున మూలుగుతూ గోడ కేసి తిరిగిపోయింది. సింహాచలం తలుపు కేసి చూసి అరిచాడు.

"ఒసే, ఆగిపోనాది గదా అని గంజి మీద గంజి పోసినావు. సూడు ఏటయ్యిందో. మాయమ్మని నువ్వే సంపేస్తావే."

చాటునుంచి ఏడుపు వినిపించింది. గౌరమ్మ పోసిన గంజి వల్ల పొట్ట ఉబ్బదని నాకు తెలుసు. ఎందువల్ల ఉబ్బిందో తెలియదు. తెలియదని ఒప్పుకోలేక నోరు మూసుకున్నాను. ఆ మౌనం తలుచుకుంటే నామీద నాకే రోత పుడుతుంది.

అతన్ని బయటికి పిలిచి, "రోగం కడుపులోకి పాకినట్టుంది. మనసు గట్టి చేసుకో" అన్నాను. కేన్సర్ మీదికి తోసేస్తే వైద్యుడి తప్పు కనబడదు కదా.

"పట్నం తీసుకుపోమంటారా?"

నాగావళి పొంగి రోడ్డు మీదికి వచ్చింది. బస్సులు ఆగిపోయాయి. బండి మీద ఈ కుదుపులకి ఆమె దారిలోనే పోతుంది. అదే చెప్పాను.

"అయితే మా మావ దగ్గర నేపాలం గింజలున్నాయి. మద్దేన్నంలోగా తెచ్చి అరగదీసి పట్టించేస్తాను. పోతే కడుపన్నా కడుక్కుని పోతాది."

నేపాళం గింజ చాలా ఘాటైన భేది మందు. గట్టి మనిషినే ఒక పూట పడుకోబెడుతుంది. పేగు ఎక్కడో మూసుకుపోయి ఉన్న మనిషికి ఇస్తే లోపల మెలిపెట్టి, పేగు చిట్లి, నరకం చూపించి చంపుతుంది. "వద్దు వద్దు" అన్నాను.

"మరేటి సెయ్యమంటారు?"

"చూద్దాం, ఆలోచించి వస్తాను" అని సైకిలెక్కాను. నా వెనకే అతను గిడుగు తీసుకుని మావ ఇంటివైపు నడవడం చూశాను. చూసి కూడా ఆపలేకపోయాను. ముందుకి వెళ్తే నుయ్యి, వెనక్కి వస్తే గొయ్యి.

ఊరి చివర గెడ్డ దగ్గర, వాన వెలిసిన కాస్సేపట్లో బండ మీద బట్టలు ఉతుకుతోంది చాకలి పోలమ్మ. ఆ వీధికి మంత్రసాని కూడా ఆవిడే. యాభై ఏళ్ళుంటాయి. నన్ను చూసి చేతిలో గుడ్డ బండ మీద వేసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"మందుల బాబూ, నిలబడు. తవిటమ్మకి మందిచ్చింది నువ్వేనా?"

"నేనే."

"ఏటికిచ్చావు?"

"విరేచనాలు కట్టడానికి."

"ఆవిడికి ఇరేసనాలని ఎవులు సెప్పినారు నీకు?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. బట్టలుతికే ఆవిడ నన్ను నిలబెట్టి ప్రశ్నలు వేస్తోంది. సైకిలు దిగకుండానే "ఇంటివాళ్ళే చెప్పారు, నీకెందుకు?" అన్నాను.

"ఆ ఇంటి గుడ్డలు ఉతకబట్టి ఇరవై ఏల్లు. ఇరేసనాల గుడ్డ ఎలగుంటాదో నాకు తెల్దా? అందులో జిగురుంటాది, మెతుకుంటాది, మరక నాలుగు దెబ్బలు ఏస్తే గాని పోదు. ఈ గుడ్డల మీద ఉట్టి మట్టి రంగు నీరే. సరుకు నేదు. పదిహేను రోజులై నేదు. మరి తిన్నదంతా ఏటైపోనాది? నోపలే గట్టిపడి కూకున్నాది." గెడ్డ కేసి చెయ్యి చూపించింది. "దీనికి అడ్డంగా మట్టికట్ట ఏసినావనుకో. సందుల్లోంచి నీరు కారదా? ఆ నీరు సూసి గెడ్డ పారతన్నాది అంటావా? నువ్వేటి సేసినావు? ఆ సందులు కూడా మూసేసినావు."

సైకిలు దిగాను. ఆవిడ చెప్పిన ప్రతి ముక్కా నా పుస్తకంలో ఉంది. గట్టిపడిన మలం కింద అడ్డుపడితే, పైన ఊరిన ద్రవం పక్కల నుంచి కారుతుంది. నల్లమందు వాడేవాళ్ళలో, మంచాన పడ్డవాళ్ళలో, తిండి తగ్గినవాళ్ళలో ఇది రావచ్చు. తవిటమ్మకి ఆ మూడూ ఉన్నాయి. కొండనాలుకకి మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత నా కోసమే పుట్టింది.

"పోలమ్మా, సింహాచలం నేపాళం తేవడానికి వెళ్ళాడు" అన్నాను.

ఆవిడ ఒక బూతు మాట అంది. ఎవర్నో తెలియదు, నన్నే అయి ఉండొచ్చు.

"నేను డిస్పెన్సరీకి వెళ్ళి సరంజామా తెస్తాను. వచ్చేదాకా ఆమె నోట్లో ఏమీ పడనివ్వకు" అన్నాను. పోలమ్మ ఉతికిన గుడ్డలు అక్కడే వదిలేసి తడి కాళ్ళతో ఊళ్ళోకి పరుగెత్తింది.

ఆ రెండు మైళ్ళూ ఎలా తొక్కానో నాకు గుర్తులేదు. ఒకచోట బురదలో పడ్డాను, మోకాలు చెక్కుకుపోయింది. బీరువా అడుగున ఎనిమా కేను ఉంది. అడుగున రబ్బరు గొట్టం తగిలించిన ఎనామిల్ డబ్బా అది. మలద్వారం గుండా నూనో కషాయమో లోపలికి పంపడానికి వాడతాం. మా శాస్త్రంలో వస్తి అంటాం. జనం చేయించుకోడానికి సిగ్గుపడతారని మూడేళ్ళుగా దాన్ని ముట్టుకోలేదు. గొట్టం ఒకచోట బీటలు వారింది. గుడ్డ పీలిక చుట్టి దారంతో బిగించి కట్టాను. నువ్వుల నూనె సీసా, రేల పండు గుజ్జు, సునాముఖి, కరక్కాయ పొడి సంచిలో వేసుకున్నాను. హడావుడిలో కరక్కాయ పొడి సగం కింద పోయింది.

తిరిగి వెళ్ళేసరికి ఆ ఇంటి పెరట్లో నేను చూసిన దృశ్యం ఈ జన్మకి మరిచిపోను. పోలమ్మ గింజలు అరగదీసే వీలు లేకుండా సన్నికల్లు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. సింహాచలం నేపాళం గింజల పొట్లం చేత్తో పట్టుకుని ఎదురుగా ఊగిపోతున్నాడు.

"నెగమంటన్నాను. మేం పచ్చడి నూరుకునే రాయే అది. దానిమీద కూకుంటావా?"

"నన్ను సంపినా నెగను. మందుల బాబు వచ్చి సెప్తే నెగుతాను."

"సింహాచలం, ఆ పొట్లం నాకియ్యి" అన్నాను. అతను నా మొహం, బురద కొట్టుకున్న పంచె, రక్తం కారే మోకాలు చూసి ఇచ్చేశాడు. దాన్ని జేబులో వేసుకున్నాకే ఊపిరి పీల్చుకున్నాను.

అసలు భయం అప్పుడు మొదలైంది. పోలమ్మ మాట నిజం కాకపోతే? నిజంగానే రోగం పేగుని మూసేసి ఉంటే? ఎనిమా చేతిలో ఉన్నంత మాత్రాన పెట్టెయ్యడమేనా? గదిలోకి వెళ్ళి ఈసారి మంచం పక్కన కింద కూర్చున్నాను.

"అమ్మా, పొట్ట చూడాలి."

తవిటమ్మ కొంగు బిగించింది. పోలమ్మ వెనకనించి, "సిగ్గు గెడ్డలో పారెయ్ తవిటమ్మా. నాను సూడని కడుపా నీది? సూడనీ" అంది. ఆ వేళ్ళు మెల్లగా వదులయ్యాయి.

ఎడమ పక్క, పొత్తికడుపు పైన వరసగా గడ్డలు తగిలాయి. వేలితో గట్టిగా నొక్కాను. తడి బంకమట్టిని నొక్కినట్టు సొట్ట పడి, అలాగే ఉండిపోయింది. కేన్సర్ కంతి అయితే సొట్ట పడదు. చెవి ఆనించాను. లోపల పేగు గుడగుడమంటోంది, ఇంకా బతికే ఉంది. అప్పటికి కొంచెం ధైర్యం వచ్చింది.

మిగతా పని నేను చేస్తానంటే ఆ ఇంట్లో ఒప్పుకోరు, తవిటమ్మ అసలే ఒప్పుకోదు. పోలమ్మని అడిగాను.

"గోళ్ళు చూసుకో."

"మంత్రసాని సేతికి గోల్లుంటాయా బాబూ?"

గౌరమ్మ నూనె గోరువెచ్చగా కాచి తెచ్చింది. నేను తలుపు బయట నిలబడి ఒక్కొక్కటే చెప్పాను. ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టు. గొట్టానికి నూనె రాయి. డబ్బా మరీ ఎత్తుగా పట్టుకోకు, నూనె మెల్లగా దిగాలి. నొప్పి అంటే ఆపెయ్యి. నూనె అంతా లోపలికి వెళ్ళింది. ఇక నానాలి. చూరునించి కారే చుక్కలు లెక్కపెడుతూ కూర్చున్నాను. సింహాచలం నా ఎదురుగా కూర్చుని నన్నే చూస్తున్నాడు. ఆ నూనె పనిచెయ్యకపోతే నా సంచిలో ఉన్న భేది మందులేవీ పట్టించడానికి వీల్లేదు. ఆ సంగతి అతనికి చెప్పలేదు.

అరగంటకి పోలమ్మ నూనె రాసుకున్న వేలితో గడ్డల్ని తియ్యడం మొదలుపెట్టింది. లోపలినుంచి తవిటమ్మ మూలుగు, "ఓర్సుకో తల్లీ, నీల్లాడేవేలలాగే, ఓర్సుకో" అని పురుడు పోసేటప్పటి పోలమ్మ గొంతు. మూలుగు కేకగా మారింది. రక్తం వస్తోందా అని రెండుసార్లు అడిగాను. నేదు అంది. మూడోసారి అడిగితే "నోరు ముయ్యి బాబూ" అంది. నోరు మూశాను.

కాస్సేపటికి చేటలో వేసి తెచ్చి చూపించింది. ఎండిపోయిన కరక్కాయల్లాంటి నల్లటి ఉండలు.

"ఇదిగో బాబూ, నీ ఇరేసనాలు."

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. రెండోసారి నూనె ఎక్కించాం. సాయంత్రం అయ్యేలోగా దారి పూర్తిగా తెరుచుకుంది. బిగిసిపోయిన మూత్రం కూడా దిగింది. పొట్ట జారింది, ఎక్కిళ్ళు ఆగాయి. ఒళ్ళు తుడిచి, పొడి గుడ్డ మార్చి, నల్లమందు నోట్లో పెడితే తవిటమ్మ ఉమ్మలేదు.

ఇంటికి బయల్దేరబోతూ ఆగాను. ఈ మాట అక్కడ చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేనని తెలుసు. అందరూ వినేలా అన్నాను: "సింహాచలం, తప్పు నాది. ఆగకూడనిదాన్ని ఆపే మందు ఇచ్చాను. గౌరమ్మ గంజి వల్ల ఏమీ కాలేదు. నువ్వు ఆమెని అన్న మాట వెనక్కి తీసుకోవాలి."

సింహాచలం నేల చూపులు చూశాడు. తిడతాడేమో, కొడతాడేమో అనుకున్నాను. ఈలోగా మంచం మీంచి తవిటమ్మ ముక్కు గొంతు వినిపించింది. నెమ్మదిగా, ఆగి ఆగి అంది. ఈసారి గౌరమ్మ తలుపు చాటునుంచి బయటికి వచ్చి, నా ఎదురుగా నిలబడి, అత్త మాటల్ని ఉన్నదున్నట్టు చెప్పింది.

"ఆ దినమే సెప్పినాను, నోపల అడ్డంగా ఉన్నాది, బయటికి రాడం నేదు అని. నీ సెయ్యి నా నాడి మీద ఉన్నాది బాబూ. నీ మొకం గుమ్మం కేసి ఉన్నాది, అంటంది." చెప్పి తను కూడా కళ్ళు ఒత్తుకుంది. "నాకు ఇనబడింది బాబూ. మగోడి ముందర అత్త దొడ్డి మాట ఎలగ సెప్పాలని సిగ్గుపడ్డాను."

ఆ తర్వాత నేను చేసిన వైద్యం చాలా మామూలుది. రెండు రోజులు రేల పండు గుజ్జు గోరువెచ్చటి పాలలో. నీరసించిన వాళ్ళకి అది మెత్తగా పనిచేస్తుంది. తర్వాత రోజూ సాయంత్రం కరక్కాయ పెచ్చుల పొడి, కొంచెం సునాముఖి, కడుపు మెలిపెట్టకుండా చిటికెడు శొంఠి. మూడు రోజులకోసారి పోలమ్మ చేత నూనె ఎనిమా. ఇంత జరిగాక నల్లమందు మానేద్దామా అని సింహాచలం అడిగాడు. మానొద్దన్నాను. నొప్పికి అది కావాలి. నల్లమందు ఇచ్చిన రోజున కరక్కాయ తప్పకూడదు, అంతే. కరక్కాయ ఆమె అంగిలి పుండుని ఏమీ చెయ్యలేదు. చేస్తుందని నేను అనలేదు, ఆమె అడగలేదు.

తవిటమ్మ మళ్ళీ తినడం మొదలుపెట్టింది. చోడి అంబలి (రాగి జావే), మెత్తటి అన్నంలో చారు. ఒకరోజు వెళ్ళేసరికి ఇద్దరు పట్టుకుంటే అరుగు మీద కూర్చుని ఉంది. చుట్ట కావాలని చేత్తో సైగ చేసింది. నేను కోపంగా చూస్తే ముక్కులోంచి నవ్వింది. పెద్దాసుపత్రి వాళ్ళు అడిగింది పెట్టమన్నారు కదా అని గౌరమ్మ చేత చెప్పించింది.

రిజిస్టరులో 'అతిసారం' కొట్టేసి 'మలబద్ధం' అని రాశాను. తనిఖీకి వచ్చిన అధికారి ఆ దిద్దుబాటు ఏమిటని గద్దించాడు. "నా తప్పండి" అన్నాను. తప్పు అని రాస్తే సంజాయిషీ అడుగుతారు, కలం జారిందని రాయమన్నాడు. రాయలేదు. సంజాయిషీ అడిగారు, ఇచ్చాను.

తర్వాత చాలా ఏళ్ళు ఆ ఉద్యోగం చేశాను. మంచాన పడ్డ మనిషిని చూడ్డానికి పిలిస్తే, నాడి పట్టుకునే ముందు నా మొహం ఎటు ఉందో చూసుకోవడం అలవాటైంది. "నువ్వు చెప్పమ్మా" అని రోగినే అడుగుతాను. మాట రాకపోతే వచ్చేదాకా కూర్చుంటాను. ఆ తర్వాత గుడ్డలు ఎవరు ఉతుకుతున్నారో కనుక్కుని వాళ్ళని పిలిపిస్తాను. ఇంటివాళ్ళు వింతగా చూస్తారు, చూడనీ అనుకుంటాను.

తవిటమ్మ సంగతి చెప్పడం మిగిలింది. ఆ తర్వాత ఆమె ఇరవై రెండు రోజులు ఉంది. ఆశ్వయుజంలో ఒక పొద్దున నేను డిస్పెన్సరీ తాళం తీస్తుంటే పోలమ్మ వచ్చి మెట్టు మీద కూర్చుంది. రెండు మైళ్ళు నడిచి వచ్చింది.

"తవిటమ్మ ఎల్లిపోనాది బాబూ. తెల్లారగట్ట. నిద్దట్లోనే."

తాళం చెవి చేతిలో పట్టుకుని నిలబడ్డాను. పోలమ్మ నా మొహం కేసి చూసింది.

"నువ్వేటి అడగాలనుకుంటన్నావో నాకు తెల్సులే" అంది. "గుడ్డ పొడిగా ఉన్నాది బాబూ."